పాత కారు – చిన్న మరమ్మతులు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతకుముందే శాస్త్రులుగారు పంచాంగ శ్రవణం చేయించారు. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అందరం శ్రద్ధగా విన్నాం. నా రాశికి ఈ ఏడు ఆదాయం రెండు, వ్యయం పదకొండు అన్నారు. ఆ పదకొండులో సగం నా పాత కారు పద్దు కిందనే పోతుందని మా ఇంట్లోవారు అక్కడ కూర్చునే లెక్క కట్టేశారు. వారి మాట పూర్తిగా అబద్ధమని నేననను. అయితే ఆ ఖర్చులో చాలా భాగం మన చేతులతో మనం తగ్గించుకోవచ్చునని మాత్రం అనుభవం మీద తెలుసుకున్నాను. కార్యదర్శిగారు "మన కుటుంబాలకు పనికివచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నప్పుడు నాకు తోచిన విషయం ఇదే. నేను ఇంజనీరును కాను. రైల్వే ఆఫీసులో కాగితాలు చూసుకునే గుమాస్తాను. కాబట్టి నా మాటల్లో శాస్త్రం తక్కువ, చేతికంటిన గ్రీజు ఎక్కువ అని ముందే మనవి చేసుకుంటున్నాను.

మన ఖుర్దారోడ్డు కాలనీల్లో ఏ సందులో చూసినా ఒకటో రెండో పాత కార్లు కనబడతాయి. వాటిలో మారుతి ఎనిమిది వందలు ఎక్కువ. 1983 డిసెంబరులో మొదలైన ఆ బండి తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ఉత్తరపాడాలో అంబాసిడరు తయారీ నిలిచిపోయినది కూడా ఆ 2014లోనే. నా బండి 2006లో రిజిస్టరైనది. 2015లో సెకండ్‌హాండుగా కొన్నాను. ఇంజను 796 సీసీ, మూడే సిలిండర్లు. బజారులో సామాను దొరుకుతుంది, విప్పడం బిగించడం సులువు. అందుచేత నాబోటివాడికి చదువు చెప్పడానికి ఇంతకు మించిన బండి లేదు.

పాత కారు ఎందుకు, అమ్మేయరాదా అని అడిగేవారున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. కాని మనలో చాలామందికి కారంటే దర్జా కాదు. సోంపేట, ఇచ్ఛాపురం, పలాస ప్రాంతాల్లో మన ఊళ్ళున్నాయి. పెద్ద రైళ్ళు ఆ ఊళ్ళ దగ్గర ఆగవు. ముసలివాళ్ళను, పిల్లలను, బియ్యం మూటలను స్టేషను నుంచి ఊరికి చేర్చడమే ఒక ప్రయాణం. అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే సందులో తలుపు తట్టేది కారున్న ఇంటినే. అట్టి బండి డొక్కుదైనా పరవాలేదు, నమ్మకమైనదై ఉండాలి. నమ్మకం అనేది చిన్న చిన్న మరమ్మతుల వల్ల నిలుస్తుంది.

ఇక విషయానికి వస్తాను. పాత కారుకు వచ్చే జబ్బుల్లో చాలావరకు ముందు చప్పుడు చేస్తాయి. చప్పుడంటే ఏమిటి? రెండు వస్తువుల మధ్య ఉండవలసిన బిగువు పోవడం, లేదా ఉండవలసిన మెత్తదనం పోవడం. బోల్టు వదులైతే లొటలొట. రబ్బరు అరిగితే టకటక. గ్రీజు ఎండితే కిర్రుకిర్రు. పూర్వం స్టేషనులో బండి ఆగగానే సుత్తితో చక్రాలను కొట్టి చూసేవారు. ఖంగుమంటే మంచి చక్రం. బొదబొదలాడితే బీట తీసిందని అనుమానించాలి. అంటే ఇనుము తన సంగతి తానే చెబుతుంది, వినే చెవి మనకుండాలన్నమాట.

మొదటి పాఠం: చప్పుడు వినబడగానే స్పానరు తీయకండి, చిన్న పుస్తకం తీయండి. ఎప్పుడు వస్తున్నది? బండి నిలిచి, ఇంజను నడుస్తున్నప్పుడా? బండి కదిలినప్పుడు మాత్రమేనా? గోతిలో పడినప్పుడా, మలుపు తిరిగినప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా? వేగంతో పాటు పెరుగుతుందా? చలి ఉదయాన వచ్చి, వేడెక్కాక పోతున్నదా? ఈ ప్రశ్నలకు జవాబు రాసుకుంటే సగం మరమ్మతు అయినట్లే. నిలిచిన బండిలో వస్తే ఇంజను, బెల్టు, సైలెన్సరు వైపు చూడాలి. గోతిలో మాత్రమే వస్తే కింది బుష్షులు, షాక్ అబ్జార్బర్లు. బ్రేకు తొక్కితేనే వస్తే బ్రేకులే.

రెండవ పాఠం: ముందు బండి ఖాళీ చేయండి. ఇది నేను సిగ్గుపడుతూ చెప్పవలసిన సంగతి. ఒకసారి వెనుక సీటు దగ్గర ఖణేల్ ఖణేల్ మని చప్పుడు మొదలైంది. మూడు ఆదివారాలు ఆ చప్పుడు వెంటబడి, రెండు తలుపులు విప్పి, డిక్కీ తాళం సర్ది, కొత్త బుష్షులకు బేరం కూడా చేశాను. చివరకు సీటు కింద దొరికినది మా అమ్మ సింహాచలం యాత్రనాడు మరిచిపోయిన మరచెంబు! ఆమె అప్పటికి నెలరోజులుగా ఆ చెంబు కోసం పొరుగింటివారిని అనుమానిస్తున్నది. కాబట్టి సీట్ల కింద, డిక్కీలో, సామాన్ల పెట్టెలో ఉన్నవన్నీ తీసి ఒకసారి నడిపి చూడండి. జాకీ, స్టెప్నీ, టూల్సు మూట వదులుగా ఉన్నా ఇంత గోలా చేస్తాయి. పాత దుప్పటి ముక్కలో చుట్టి కట్టిపెడితే సరి.

లోపలి చప్పుళ్ళు ప్రమాదమైనవి కావు, కాని మనిషిని పిచ్చెక్కిస్తాయి. ఇంకొకరిని నడపమని, మీరు పక్కన కూర్చుని డాష్‌బోర్డును, తలుపు అట్టలను, సామాన్ల పెట్టె మూతను ఒక్కొక్కటే చేత్తో నొక్కి చూడండి. ఎక్కడ నొక్కితే ఆగిందో అక్కడే రోగం. స్క్రూ వదులైతే బిగించాలి. ప్లాస్టికు ప్లాస్టికు రాసుకుంటుంటే నడుమ ఉన్నిగుడ్డ ముక్క గాని, పాత సైకిలు ట్యూబు పేలిక గాని అతికించాలి. అద్దం సగం దించినప్పుడు గడగడమంటే, అద్దం జారే కాలువలోని రబ్బరు అరిగిందని తెలుసుకోవాలి. ఆ రబ్బరు మార్చడం అరపూట పని. తలుపు అంచున ఉండే రబ్బరు బీడింగు కిర్రుమంటే మనవాళ్ళు కొబ్బరినూనె రాస్తారు. వద్దు. వంటింటి నూనె జిగురై దుమ్ము పట్టిస్తుంది, పెట్రోలియం నూనె రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది. బీడింగును తడిగుడ్డతో తుడిచి, ఆరిన తరువాత కాస్త ముఖానికి రాసుకునే పౌడరు గాని, దుకాణంలో దొరికే సిలికాన్ స్ప్రే గాని వాడితే చాలు.

తలుపుల మాట వచ్చింది గనుక నీటి సంగతి చెప్పాలి. మన ఒరిస్సా వానలు మీకు తెలిసినవే, ఆ మీద సముద్రపు గాలి. అద్దం మీద పడిన నీరు తలుపు లోపలికి దిగడం సహజం, అది అడుగున ఉండే చిన్న రంధ్రాల గుండా బయటికి పోవాలి. ఆ రంధ్రాలు మట్టితో పూడుకుంటే నీరు లోపలే నిలిచి తలుపు అడుగు తుప్పు పట్టిపోతుంది. తలుపు వేసినప్పుడు లోపల నీళ్ళు గలగలమంటే సంగతి అదే. వానాకాలానికి ముందు ఒక చీపురుపుల్ల తీసుకుని ఆ రంధ్రాలు శుభ్రం చేయండి. దానికి పైసా ఖర్చు లేదు. చేయకపోతే రెండేళ్ళలో వెల్డింగువాడికి వేలు పోయాలి.

ఇప్పుడు కరెంటు సంగతి. ఉదయాన బండి స్టార్టు కాక టక్కుమని ఊరుకుంటే వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి. ముందు టెర్మినల్స్ చూడండి. తెల్లగానో, పచ్చగానో పిండి పట్టి ఉంటుంది. వంటసోడా నీళ్ళలో కలిపి పాత పళ్ళబ్రష్షుతో తోమి, మంచినీళ్ళతో కడిగి, తుడిచి, బిగించి, పైన కాస్త వాజిలైను పూయండి. సోడానీళ్ళు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగువుగా ఉన్నవో లేదో చూసుకోండి. విప్పేటప్పుడు నెగెటివు వైరు ముందు తీయాలి, పెట్టేటప్పుడు దానిని చివర పెట్టాలి. లేకపోతే స్పానరు బాడీకి తగిలి నిప్పులు రాలుతాయి. హారను గొంతు మూగబోయినా, హెడ్‌లైటు మసకబారినా చాలాసార్లు తప్పు బల్బుది కాదు, ఎర్తు వైరుది. ఆ వైరు బాడీకి బిగించినచోట తుప్పు గీకి బిగిస్తే వెలుగు వస్తుంది. ఫ్యూజు పోతే అదే అంకె గల ఫ్యూజు వేయండి. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టే తెలివి మాత్రం వద్దు. ఆ తెలివి వల్ల ఫ్యూజుకు బదులు వైర్లు కాలతాయి.

ఇంజను స్టార్టు చేయగానే కీచుమని అరిచి కొంచెంసేపటికి మానుకుంటే అది బెల్టు. ఇంజను ఆపి, బెల్టు నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. మరీ దిగితే బిగించాలి, పగుళ్ళుంటే మార్చాలి. సబ్బు రుద్దడం ఒక్కపూట వైద్యం. ఇంజను నడుస్తుండగా అక్కడ చెయ్యి పెట్టకండి. అక్కచెల్లెళ్ళు పక్కన నిలబడి టార్చి పట్టినా సరే, చీర చెంగు, చున్నీ దూరంగా ఉంచుకోవాలి.

బండి కింద వేలాడే సైలెన్సరును పట్టి ఉంచేవి రబ్బరు చక్రాలు. అవి ఎండి తెగితే సైలెన్సరు బాడీకి కొట్టుకుంటుంది. కొత్త రబ్బరు ధర తక్కువ. బండి పూర్తిగా చల్లారిన తరువాత మార్చుకోవచ్చు. కాని సైలెన్సరు నుంచి ఫట్ ఫట్ మని గాలి చీలిన చప్పుడు వస్తే అశ్రద్ధ చేయకూడదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అద్దాలు మూసుకుని ప్రయాణం చేసేవారికి అది ప్రాణాంతకం. ఇంకొక హెచ్చరిక: జాకీ మీద నిలిపిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. జాకీ జారుతుంది, ఇటుకలు చిట్లుతాయి. ఇనుప స్టాండ్లు గాని, గట్టి దుంగలు గాని పెట్టి, మిగిలిన చక్రాలకు అడ్డు వేసిన తరువాతనే తల కిందికి పెట్టాలి. స్టాండ్లు లేకపోతే ఆ పని మిస్త్రీకి వదలండి. మనం మిగిల్చే వంద రూపాయలకు మన తల ఎక్కువ ఖరీదు.

కొన్ని చప్పుళ్ళు మనం పోల్చుకోవలసినవి, మరమ్మతు మాత్రం మిస్త్రీ చేయవలసినవి. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తీసుకునేటప్పుడు కటకటమని వస్తే ముందు చక్రాలకు శక్తినిచ్చే ఇరుసు కీలు అరిగిందన్నమాట. దానిమీది రబ్బరు తొడుగు చిరిగినప్పుడే, గ్రీజు చిమ్మిన మరక చూసి మార్పిస్తే తక్కువలో పోతుంది. ఆలస్యం చేస్తే కీలంతా మార్చాలి. చిన్న గతుకులకు టకటకమంటే ముందువైపు బుష్షులు. బండి మూలను గట్టిగా అదిమి వదిలినప్పుడు ఒక్కసారి లేచి నిలబడాలి. మూడు నాలుగుసార్లు ఊగితే షాక్ అబ్జార్బరు పని అయిపోయిందని అర్థం. మార్చేటప్పుడు జతగా మార్చాలి. బ్రేకు తొక్కితే ఇనుము ఇనుము ఒరిసిన గరగర వస్తే, ఆ బండిని మళ్ళీ రోడ్డెక్కించకండి.

మిస్త్రీల గురించి ఒక్కమాట. నా ఒరియా బజారు ఒరియా. నా మిస్త్రీకి తెలుగు రాదు. మొదట్లో రోగం చెప్పలేక తికమకపడేవాణ్ణి. ఒకనాడు విసిగి, "లొటలొట, లొటలొట" అని చేయి ఊపి చూపించాను. అతడు నవ్వి సరాసరి సైలెన్సరు క్లాంపు దగ్గరికి వెళ్ళాడు. అప్పటినుంచి మా ఇద్దరికీ అదే భాష. మీరు కూడా "బండి బాగా లేదు, చూడు" అని వదిలేసి వెళ్ళిపోకండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలాంటి చప్పుడో చెప్పండి. మంచి మిస్త్రీ దానికి సంతోషిస్తాడు, అనవసరంగా విప్పడు.

ఇంతవరకు చెప్పినవి చిన్న సంగతులు. ఇక ఈ ప్రసంగానికి నన్ను పురికొల్పిన సంగతి చెబుతాను.

2022 సంక్రాంతికి ఊరికి బయలుదేరాం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, వెనుక సీటులో మా అమ్మ. దారిలో ఒకచోట టైరు పంక్చరైంది. రోడ్డు పక్క దుకాణంలో వేయించాను. పండుగ రద్దీ, కుర్రవాడు తొందరలో ఉన్నాడు, నేను అంతకన్నా తొందరలో ఉన్నాను. అతడు బిగించినది సరిచూడలేదు. తప్పు అతడిది ఎంతో నాదీ అంతే. బాలుగావ్ దాటి, చిల్కా పక్కన వెళ్తుండగా వెనుక నుంచి సన్నగా టక్ టక్ మని మొదలైంది. నాకు వినబడింది. వినబడలేదని నేను ఈ సభలో అబద్ధం చెప్పలేను. చీకటి పడకముందే ఊరు చేరాలని, ఇంకో బుష్షు పోయింది కాబోలు, ఊళ్ళో చూసుకుందాంలే అనుకున్నాను. చప్పుడు విసుగు పుట్టించి, పాట గట్టిగా పెట్టాను.

మా అమ్మ ముందుకు వంగి, "ఒరే, చక్రం కాడ ఏటో కొట్టుకుంతంది. ఆపి సూడు" అన్నది. నేను "పాత బండే గదమ్మా" అన్నాను. ఆమె గొంతు పెంచలేదు. "మీ నాయనైతే ఈపాటికి నిలబడిపోయుండును" అన్నది.

మా నాన్నగారు ఈ లైనులోనే కీమన్ గా పనిచేసి రిటైరైనారు. కీమన్ పని మనలో చాలా ఇళ్ళవారికి తెలుసు. భుజాన సుత్తి, స్పానరు, చేతిలో ఎర్రజెండా, పచ్చజెండా. తన వంతు లైను మీద ప్రతిరోజూ ఒక పట్టాల వరస చూసుకుంటూ వెళ్ళడం, రెండో వరస చూసుకుంటూ తిరిగి రావడం. వదులైన కీని కొట్టడం, వదులైన బోల్టు బిగించడం. ఎండగాని వానగాని ఆ నడక ఆగదు. అన్నీ బాగా ఉన్నరోజు ఆయన ఇంటికి వచ్చి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఆయన ఏమీ చెప్పని రోజులే మంచి రోజులని మా అమ్మకు తెలుసు.

ఆ మాటతో బండి పక్కకు తీసి ఆపాను. దిగి చూస్తే వెనుక చక్రానికి ఉండవలసిన నాలుగు నట్లలో ఒకటి లేదు. రెండు వేళ్ళతో తిరుగుతున్నాయి. నాలుగవది ఒక్కటే పట్టుకుని ఉన్నది. జాతీయ రహదారి మీద లారీలు మా పక్కనుంచి దూసుకుపోతున్నాయి. పిల్లలు కిటికీలో నుంచి నీళ్ళలోని పక్షులను చూస్తూ ముచ్చట్లాడుకుంటున్నారు. ఇంకా నాలుగు మైళ్ళు పోయి ఉంటే ఏమయ్యేదో నేను ఇక్కడ వర్ణించనక్కరలేదు. నా చేతులు వణికాయి. మిగిలిన మూడు చక్రాల నుంచి ఒక్కొక్క నట్టు తీస్తే ఎలాగని ఆలోచించి, చివరకు ఒక్కటి మాత్రం ఒక ముందు చక్రం నుంచి తీసి వెనుక వేసి, అన్నిటినీ బిగించి, మెల్లగా రంభ దాకా నడిపి, అక్కడ కొత్త నట్టు వేయించాను. ఊరు చేరేసరికి రాత్రి పదయింది. నాన్నగారు వీధిలోనే కూర్చుని ఉన్నారు. జరిగినది విని నన్ను ఒక్కమాట అనలేదు. తెల్లవారుజామున లేచి చూస్తే, ఆయన లాంతరు పక్కన పెట్టుకుని నాలుగు చక్రాల నట్లు తన చేత్తో సరిచూస్తున్నారు. ఆ వయస్సులో ఆయన అలా వంగి ఉండడం చూసి నేను పడిన సిగ్గు ఇంకా పోలేదు.

కాబట్టి మీకు నా మనవి. చక్రం విప్పి వేయించినప్పుడల్లా మీరే ఒకసారి నట్లు బిగించి చూడండి. ఒకదాని తరువాత పక్కది కాదు, ఎదురెదురుగా బిగించాలి. ఓ యాభై, వంద కిలోమీటర్లు నడిచాక మళ్ళీ చూడాలి. కొత్తగా చప్పుడు వస్తే పాట పెంచకండి, తగ్గించండి. చక్రాలు, బ్రేకులు, స్టీరింగు దగ్గర వచ్చే చప్పుడు ఆదివారం దాకా ఆగదు. మిగిలినవి ఆగుతాయి.

సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు. ఆ తరువాత తనిఖీ చేయించుకుని 5 సంవత్సరాలకొకసారి పొడిగించుకోవాలి. నా బండికి 2021లో ఒకసారి అయింది. తనిఖీ రోజున మాత్రమే బండిని బాగుచేసేవారున్నారు. కాని తనిఖీదారు అయిదేళ్ళకొకసారి చూస్తాడు, మన పిల్లలు రోజూ ఎక్కుతారు. ఏనాటికైనా బాడీ అడుగు తుప్పుతో చివికిపోతే, ఆనాడు మమకారం మానుకుని బండిని వదిలేయడం కూడా మరమ్మతులో భాగమే.

చివరగా సంఘానికి ఒక సూచన. నెలకొక ఆదివారం ఉదయం, సంఘం ఆవరణలో పాత కార్లు, స్కూటర్లు ఉన్నవారమంతా కలుద్దాం. ఒక జత స్టాండ్లు, ఒక స్పానర్ల పెట్టె, ఒక గాలి మీటరు సంఘం తరఫున కొంటే పది ఇళ్ళకు సరిపోతాయి. తెలిసినవారు తెలియనివారికి చూపిస్తారు. మగపిల్లలనే కాదు, ఆడపిల్లలను కూడా పిలుద్దాం. టైరు మార్చడం తెలిసిన పిల్ల దారిలో ఎవరి దయ మీదా ఆధారపడనక్కరలేదు. నా వంతుగా స్టాండ్లు నేను ఇస్తాను. వాటి ఖర్చు శాస్త్రులుగారు చెప్పిన పదకొండులో ముందే ఉన్నది కదా!

పచ్చడిలో వేపపువ్వు ఉన్నా మనం ముఖం చిట్లించకుండా తింటాం. అలాగే నా ప్రసంగాన్ని ఓపికగా విన్నారు. ఈ కొత్త సంవత్సరం మీ ఇళ్ళకూ, మీ బండ్లకూ క్షేమం కలిగించాలనీ, మన ఊళ్ళకు వెళ్ళే ప్రతి ప్రయాణంలో ఇంటికి వచ్చి చెప్పుకోవడానికి ఏమీ లేకుండా ఉండాలనీ కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.